మనలో ఒప్పుకోనిది ఎదుటివాళ్లలో కనిపిస్తే: ప్రొజెక్షన్‌ను గుర్తించి వెనక్కి తీసుకునే పద్ధతి

కొందరి తీరు మనకు అస్సలు పడదు. వాళ్లు చేసింది ఘోరమేమీ కాదు, అదే గదిలో ఉన్న మిగతావాళ్లు దాన్ని పట్టించుకోను కూడా పట్టించుకోరు. మనకు మాత్రం ఒళ్లు మండిపోతుంది. ఇంటికొచ్చాక కూడా అదే తలుచుకుంటాం. రాత్రి పడుకున్నాక మనసులో వాళ్లతో మరోసారి గొడవ పడి, ఈసారి గట్టిగా సమాధానం చెబుతాం. ఆ మంటలో కొంత అవతలివాళ్ల వల్ల వచ్చింది, కొంత మనది. ఏది ఎంత అని విడదీసుకోవడం తొందరగా వచ్చే పని కాదు గానీ, ఓపిక పడితే ఎవరికైనా వస్తుంది.

మనలో ఉండి కూడా ఉందని ఒప్పుకోలేని గుణాన్ని ఇంకొకరిలో చూసి, అక్కడ దానితో పోరాడటాన్ని మనస్తత్వశాస్త్రంలో ప్రొజెక్షన్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ప్రక్షేపణ అని కనిపిస్తుంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1890ల మధ్యలోనే దీని గురించి రాశాడు. ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో బాధపెట్టే ఆలోచనల నుంచి తనను కాపాడుకోవడానికి మనసు వాడే రక్షక తంత్రాలన్నిటినీ ఒకచోట చేర్చి వివరించినప్పుడు ఇదీ వాటిలో ఉంది. స్విస్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. "ఇది నేను కాదు" అని మనం తోసేసిన గుణాలన్నీ కలిసి మనలోనే ఒక నీడలా బతుకుతాయని, ఆ నీడను మనం ఎక్కువగా ఎదుటివాళ్ల మీద వేసి చూస్తామని ఆయన చెప్పాడు.

గురివింద గింజ తన నలుపెరగదన్న సామెత మనకు గుర్తొచ్చేది ఎప్పుడూ ఇంకొకరిని చూసినప్పుడే. అందుకే ఈ విషయం చదివేటప్పుడు "అచ్చం మా ఆయనే", "మా వదిన ఇంతే" అనిపిస్తే ఆ పేరును కాసేపు పక్కన పెట్టండి. ఇక్కడ చెప్పే అడుగులన్నీ మీ మీద మీరు వాడుకోవడానికే. మరొకరి మీద వాడితే బెడిసికొడతాయి.

లోపల జరిగేది ఏమిటి

ఒక ఆలోచనను వద్దనుకున్నంత మాత్రాన అది పోదు. 1987లో మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు కొంతమందిని ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని, ఒకవేళ ఆలోచన వస్తే గంట కొట్టమని అడిగారు. గంట మోగుతూనే ఉంది. పైగా, ఆ తర్వాత "ఇక ఆలోచించవచ్చు" అన్నప్పుడు, మొదటినుంచీ ఆ అనుమతి ఉన్నవాళ్ల కంటే అణచుకున్నవాళ్లకే ఆ ఎలుగుబంటి ఎక్కువగా గుర్తొచ్చింది. దాన్ని రానివ్వకుండా కాపలా కాయాలంటే అదెక్కడుందో మనసు అనుక్షణం వెతుకుతూ ఉండాలి మరి.

లియొనార్డ్ న్యూమన్, కింబర్లీ డఫ్, రాయ్ బామైస్టర్ అనే పరిశోధకులు 1997లో ఇదే సూత్రాన్ని గుణాలకు పెట్టి చూశారు. మీలో ఫలానా చెడ్డ గుణం ఉందని చెప్పి, దాని గురించి ఆలోచించవద్దన్నారు. తర్వాత మరో మనిషిని చూపించి ఆమె ఎలాంటిదో అంచనా వేయమంటే, అణచుకున్న ఆ గుణాన్నే వాళ్లు ఆమెలో ఎక్కువగా చూశారు. కాపలా కాస్తున్న మనసు ముందు ఏ అస్పష్టమైన ప్రవర్తన వచ్చినా అదే రంగులో కనిపిస్తుందన్నమాట.

దీనికి సంబంధించిన పరిశోధనలను బామైస్టర్, మరో ఇద్దరు 1998లో సమీక్షించినప్పుడు ముఖ్యమైన మాట ఒకటి తేలింది. ఫ్రాయిడ్ అనుకున్నట్టు గుణాన్ని అవతలివాళ్ల మీదికి నెట్టడమే మనకు రక్షణ ఇస్తుందనడానికి ఆధారాలు బలంగా లేవు. ప్రొజెక్షన్ జరగడం నిజమే, కానీ అది అణచుకోవడం వల్ల పక్కన పుట్టుకొచ్చే ఫలితంలా కనిపిస్తోంది. రోజువారీ జీవితానికి ఇది చాలా పనికొచ్చే సంగతి. అవతలివాళ్లను తిట్టినా మనకు నిజమైన ఊరట ఎందుకు దొరకదో, అదే గొడవ వారానికోసారి ఎందుకు తిరిగొస్తుందో దీంతో అర్థమవుతుంది. చిక్కు అణచుకోవడం దగ్గర ఉంది కాబట్టి పని కూడా అక్కడే మొదలుపెట్టాలి.

ఏది ప్రొజెక్షన్, ఏది కాదు

ప్రొజెక్షన్ అంటే అవతలివాళ్లలో ఆ లోపం లేదని అర్థం కాదు. చాలాసార్లు ఉంటుంది. మన నీడ తగులుకోవడానికి వాళ్ల దగ్గర ఏదో ఒక కొక్కెం ఉండే ఉంటుంది. వాళ్ల తప్పు నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న, మనకు వచ్చిన కోపం ఆ తప్పుకు తగినంతే ఉందా అన్నది మరో ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేస్తే అయితే అవతలివాళ్లను తప్పుబడతాం, లేదంటే "అంతా నాలోనే ఉంది" అని మనల్ని మనం నొక్కేసుకుంటాం. రెండోది వినయంలా కనిపిస్తుంది గానీ, అదీ ప్రమాదమే.

మోసం చేసినవాళ్ల మీద కోపం రావడం, మాట తప్పినప్పుడు బాధ కలగడం, అవమానిస్తే మండిపోవడం సహజమైన స్పందనలు. వాటికి లోపల వెతకాల్సిన పనేమీ లేదు. అలాగే "నాకిష్టం కాబట్టి అందరికీ ఇష్టమే" అనుకోవడం కూడా వేరు. మనస్తత్వవేత్త లీ రాస్, ఆయన సహచరులు 1977లో "ఫాల్స్ కన్సెన్సస్" అని పేరు పెట్టిన ఆ పొరపాటులో మనం ఒప్పుకున్న గుణాలనే ఇతరుల్లో ఎక్కువగా ఊహించుకుంటాం. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఒప్పుకోని గుణాల గురించి.

మరి ఎలా పోల్చుకోవాలి? గమనించాల్సిన గుర్తుల్లో నేను అన్నిటికంటే ముందు పెట్టేది ఒక వాక్యం: "నేనైతే చచ్చినా అలా చేయను." ఈ మాట నోటికి వచ్చిందంటే ఆగి చూడాల్సిందే. నిజంగా మనకు సంబంధం లేని గుణం గురించి మనం ఇంత గట్టిగా ఒట్టు వేయం. అసలు ఆ ఊసే ఎత్తం.

ఇంకొన్ని గుర్తులూ ఉన్నాయి. ఒకే ఫిర్యాదు వేర్వేరు మనుషుల మీద తిరుగుతుంది: పాత ఆఫీసులో పెత్తనం చేసేవాడు ఒకడు, కొత్త ఆఫీసులో మరొకడు, ఇంట్లో తోడికోడలు. చేసిన పని కంటే దాని వెనక ఉద్దేశం మనకు బాగా తెలిసినట్టు మాట్లాడతాం: "కావాలనే చేసింది", "నన్ను తక్కువ చేయాలనే". "ఎప్పుడూ", "ఏనాడూ" లాంటి మాటలు వచ్చి పడతాయి. సంఘటన చిన్నది, దాని సెగ రెండు మూడు రోజులు. వీటిలో ఒక్కటి ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. రెండు మూడు కలిసినప్పుడు కింది అడుగులు వేసి చూడటం మంచిది.

మొదటి అడుగు: తిట్టును తిట్టుగానే రాయండి

కోపం కాస్త తగ్గాక, పూర్తిగా చల్లారకముందే కాగితం తీసుకోండి. మనసులో ఏ మాట ఉందో అదే రాయండి. "ఆమె ప్రవర్తన కొంచెం ఇబ్బందిగా ఉంది" అని మర్యాదగా రాస్తే ఏమీ దొరకదు. "ఎంత స్వార్థం! తన సుఖం తప్ప ఏదీ పట్టదు" అని ఉంటే అలాగే ఉండనివ్వండి. ఆ తిట్టులో ఉన్న విశేషణమే మనకు కావలసింది. స్వార్థపరురాలు, సోమరి, షో చేసేవాడు, ఏడుపుగొట్టు, చేతకానివాడు: ఏ పదం దగ్గర కలం గట్టిగా ఆనిందో దాని చుట్టూ గీత గీయండి. ఆ కాగితం ఎవరికీ చూపించాల్సిన అవసరం లేదు.

రెండో అడుగు: కంటికి కనిపించింది ఒకవైపు, మనం చేర్చింది ఒకవైపు

ఒక జంటను ఊహించుకోండి. సాయంత్రం భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. బ్యాగు కుర్చీలో పడేసి, సోఫాలో వాలి ఫోన్ చూస్తున్నాడు. భార్య కూడా గంట క్రితమే ఆఫీసు నుంచి వచ్చి, ఆరిన బట్టలు మడత పెడుతోంది. అల్మారా తలుపు కొంచెం గట్టిగానే వేసింది.

"ఈ ఇంట్లో అలసట ఒక్కడికే ఉంటుంది కాబోలు!"

"ఇప్పుడేమైంది?"

"ఏం కాలేదులే. నువ్వు హాయిగా పడుకో."

ఆ రాత్రి ఆమె కాగితం మీద "ఒళ్లొంచని మనిషి. నేనంటే లెక్కే లేదు. అన్నీ నా నెత్తిన వేసి దర్జాగా పడుకుంటాడు" అని రాసిందనుకుందాం. ఇప్పుడు పేజీ మధ్యలో ఒక గీత. ఎడమవైపు, గదిలో కెమెరా ఉంటే అందులో పడేది మాత్రమే: సోఫాలో నలభై నిమిషాలు పడుకున్నాడు. బట్టల పని ఆమె ఒక్కతే చేసింది. సాయం చేయనా అని అడగలేదు. అతన్ని చేయమని ఆమె కూడా అడగలేదు. కుడివైపు, ఆమె చేర్చినది: ఒళ్లొంచడు, లెక్క లేదు, దర్జా.

ఎడమవైపు రాసుకున్నది తర్వాత భర్తతో మాట్లాడాల్సిన విషయం. దాన్ని కొట్టేయకూడదు. ఇంటి పని ఒకరి మీదే పడుతుంటే అది అన్యాయం, దానికి ప్రొజెక్షన్ అని పేరు పెట్టి ఆమె నోరు మూయించడం ఇంకా పెద్ద అన్యాయం. కుడివైపు ఉన్న మాటలనే లోపలికి తీసుకెళ్లాలి.

మూడో అడుగు: "ఇది నాలో ఎక్కడుంది?"

కష్టమైన అడుగు ఇదే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ "నాలో లేదు" అనే వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. గుణం అదే రూపంలో మనలో ఉండదు కాబట్టి మనకు కనిపించదు, అంతే. కాస్త వేషం మార్చుకుని ఉంటుంది.

కొన్నిసార్లు రూపం మారుతుంది. పెత్తనం చేసేవాళ్లంటే గిట్టని మనిషి ఎప్పుడూ గొంతు పెంచకపోవచ్చు. కానీ తన మాట నెగ్గకపోతే రెండు రోజులు ముభావంగా ఉండి, ఇంట్లో అందరూ తన మొహం చూసి నడుచుకునేలా చేస్తూ ఉండవచ్చు. "నీ ఇష్టం" అనే రెండు ముక్కలను ఏ స్వరంలో అంటే ఎదుటివాళ్లకు ఏ ఇష్టమూ మిగలదో అలాంటివాళ్లకు బాగా తెలుసు.

కొన్నిసార్లు చోటు మారుతుంది. అబద్ధాలంటే సహించని వ్యక్తి డబ్బు విషయంలో, పని విషయంలో అక్షరాలా నిజాయతీగా ఉంటూనే, మనసు విరిగిన రోజున కూడా "నాకేం, బాగానే ఉన్నాను" అంటూ ఉంటాడు. ఇంకొన్నిసార్లు దిశ మారుతుంది: ఎదుటివాళ్లలో తప్పులు వెతికేవాళ్లంటే చిరాకుపడే అమ్మాయి, పొద్దున్నుంచి రాత్రి దాకా తన తప్పులే వెతుక్కుంటూ తనను తాను తిట్టుకుంటూ ఉంటుంది.

చివరి వేషం అన్నిటికంటే లోతైనది. ఆ పని మనం ఎన్నడూ చేసి ఉండం, కానీ చేయాలని ఉంటుంది. మీటింగులో తన పని గురించి గొప్పగా చెప్పుకునే సహోద్యోగిని చూసి "ఎంత డబ్బా కొట్టుకుంటాడో" అనుకునే వ్యక్తి, తన పనిని ఒక్కరైనా మెచ్చుకుంటే బాగుండని ఏళ్లుగా ఎదురుచూస్తూ ఉండవచ్చు. నోరు విప్పి అడగడం మాత్రం తలవంపు అని నేర్చుకున్నాడు.

మన ఉదాహరణలోని ఆమె దగ్గరికి వద్దాం. ఆమెలో సోమరితనం వెతికితే దొరకదు. తెల్లవారుజాము నుంచి కూర్చోలేదు. అందుకే ఆమె మరో ప్రశ్న వేసుకోవాలి: "ఈ గుణం నాలో ఉండకూడదని నాకు ఎవరు చెప్పారు? ఎప్పుడు?" చిన్నప్పుడు ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తే చాలు, "పనీపాటా లేదా?" అనే మాట వినిపించేది. అలసటగా ఉందంటే "ఈ వయసులో అలసటేంటి" అనేవాళ్లు. విశ్రాంతి తీసుకునే పిల్ల మంచి పిల్ల కాదు. ఆ పాఠం ఆమె ఎంత బాగా నేర్చుకుందంటే ఇప్పుడు జ్వరంతో పడుకున్నా సిగ్గుగా ఉంటుంది. సోఫాలో పడుకున్న మనిషిని చూసినప్పుడు ఆమెకు కనిపించింది తనకు దక్కని అనుమతి.

ఈ అడుగు దగ్గర మనసు మొరాయిస్తే బలవంతం చేయకండి. ప్రశ్నను రాసి వదిలేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి. బాగా నమ్మకమున్న ఒక మనిషి ఉంటే, "ఈ గుణం నాలో ఎప్పుడైనా కనిపించిందా?" అని అడగవచ్చు. అడిగాక వాదించకూడదు. విని, థాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి రాసుకోవాలి. వాళ్లు చెప్పిందంతా నిజమని ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు.

ఎంత వెతికినా ఏమీ దొరకలేదా? అయితే అది ప్రొజెక్షన్ కాకపోవచ్చు. పాత గాయం మీద దెబ్బ తగిలి ఉండవచ్చు, లేదా అవతలి మనిషి నిజంగానే హద్దు మీరి ఉండవచ్చు. లేనిదాన్ని ఉందని ఒప్పుకోవడం కూడా మనల్ని మనం మోసం చేసుకోవడమే.

నాలుగో అడుగు: ఆ గుణంలో పనికొచ్చేది ఏమిటో చూడండి

మనం తోసేసిన గుణాలన్నీ చెడ్డవి కావని యూంగ్ పదేపదే చెప్పాడు. నీడలో సహజమైన శక్తి, సృజన, మంచి ప్రవృత్తులు కూడా చిక్కుకుని ఉంటాయి. ఎక్కువ భాగం గుణాలు ఏదో ఒక అవసరం చెడిపోయిన రూపాలే. సోమరితనం వెనక విశ్రాంతి ఉంది. స్వార్థం వెనక "నా వల్ల కాదు" అని చెప్పగల ధైర్యం ఉంది. గొప్పలు చెప్పుకోవడం వెనక గుర్తింపు కావాలనే కోరిక ఉంది. కోపం వెనక హద్దు గీసుకునే బలం ఉంది. ఏడుపుగొట్టుతనం వెనక సాయం అడగగలగడం ఉంది. మీరు గీత గీసిన పదం వెనక ఏముందో ఒక్క వాక్యంలో రాయండి.

ఐదో అడుగు: చిన్న మోతాదులో బతికి చూడండి

తెలుసుకున్నంత మాత్రాన నీడ తగ్గదు. అణచిన గుణానికి రోజువారీ జీవితంలో కొంచెం చోటివ్వాలి. ఇంట్లో పని మిగిలి ఉండగానే ఆమె రోజుకు ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఎందుకు కూర్చున్నానో ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా, చేతిలో ఏ పనీ పెట్టుకోకుండా. డబ్బా కొట్టుకునేవాడంటే పడని ఉద్యోగి వారానికి ఒకసారి తను పూర్తి చేసిన పని గురించి మీటింగులో రెండు వాక్యాలు చెప్పాలి. స్వార్థమంటే మండిపోయే మనిషి ఏదో ఒక చిన్న కోరికకు "ఈసారి కుదరదు" అనాలి, కారణాల జాబితా లేకుండా.

మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది. గిల్టీగా అనిపిస్తుంది, టెన్షన్ వస్తుంది, ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది. తప్పు చేస్తున్నామని దాని అర్థం కాదు, పాత నిషేధం ఇంకా పనిచేస్తోందని అర్థం. చిన్న మోతాదు అన్నది గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి నోరు మెదపని మనిషి "నా కోపాన్ని నేను అంగీకరిస్తున్నాను" అంటూ ఇంట్లో అందరి మీదా విరుచుకుపడితే నీడను కలుపుకున్నట్టు కాదు, దాని చేతికి పగ్గాలు ఇచ్చినట్టు. ఒప్పుకోవడానికీ, అదుపు లేకుండా వదిలేయడానికీ తేడా ఉంది.

ఆరో అడుగు: మిగిలిన విషయం అవతలి మనిషితో మాట్లాడండి

ఇప్పుడు రెండో అడుగులో ఎడమవైపు రాసుకున్నది తీయండి. మన వంతు సెగ తగ్గింది కాబట్టి అక్కడ మిగిలినది స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె ఇలా అనవచ్చు: "సాయంత్రం వచ్చాక నాకూ ఒక అరగంట కావాలి. ఇద్దరం కాసేపు కూర్చుందాం. ఆ తర్వాత బట్టలు నువ్వు మడత పెట్టు, మిగతా పని నేను చూస్తాను." ఇందులో విశేషణం లేదు. "నువ్వెప్పుడూ ఇంతే" లేదు. కానీ కోరిక మాత్రం ఇంతకు ముందుకంటే గట్టిగా ఉంది, దాటవేయడానికి వీల్లేకుండా ఉంది. అల్మారా తలుపు చప్పుడుకు భర్త చెప్పగల జవాబు "ఇప్పుడేమైంది?" మాత్రమే. ఈ మాటకు సరేననో, కాదనో చెప్పక తప్పదు.

మన వంతు గురించి అవతలివాళ్లకు చెప్పాలా? నమ్మకం ఉన్న బంధమైతే చెప్పడం మంచిది: "నువ్వు పడుకుంటే నాకు కోపం రావడానికి ఒక కారణం, నేను కూర్చోవడం నాకే తప్పనిపించడం." మన మాటను రేపు మన మీదికే ఆయుధంగా తిప్పుతారన్న భయం ఉంటే చెప్పనక్కర్లేదు.

అనుమానం సంగతి

దాంపత్యంలో ప్రొజెక్షన్ ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే. ఫ్రాయిడ్ 1922లో అసూయ గురించి రాసినప్పుడు దాన్ని మూడు రకాలుగా విడదీశాడు. అందరికీ ఉండే మామూలు అసూయ ఒకటి. తనలోనే దారి తప్పాలనే కోరిక ఉండి, దాన్ని ఒప్పుకోలేక భాగస్వామి మీద మోపే అసూయ రెండోది. భ్రమగా ముదిరినది మూడోది. రెండో రకంలో ఉన్న మనిషి ఎంత నిఘా పెట్టినా కుదుటపడడు. ఫోన్ చెక్ చేసి ఏమీ దొరకకపోయినా "డిలీట్ చేసి ఉంటుంది" అనుకుంటాడు.

ఆధారం లేని అనుమానం పీడిస్తుంటే ఒక్క ప్రశ్న నిజాయతీగా వేసుకోవాలి: "ఈ మధ్య నా మనసు ఎవరి వైపైనా వెళ్లిందా?" ఆకర్షణ కలగడం, దాన్ని అనుసరించడం రెండూ ఒకటి కావు. కలిగిందని తనకు తాను ఒప్పుకోగలిగినవాళ్లకు భాగస్వామి మీద కాపలా కాయాల్సిన పని చాలావరకు తగ్గుతుంది.

మెచ్చుకోలులోనూ ఇదే జరుగుతుంది

తోసేసినవి మంచి గుణాలైతే వాటిని కూడా బయటే చూస్తాం. "ఆయన ఎంత ధైర్యవంతుడో, నాలాంటివాళ్లకు అది సాధ్యమా!" అంటూ ఎవరినో ఆకాశానికి ఎత్తేస్తాం. ప్రేమ మొదలైన కొత్తలో అవతలి మనిషి సర్వగుణ సంపన్నంగా కనిపించడంలో దీనికీ వాటా ఉంది. ఆ తర్వాత వాళ్లు మామూలు మనిషిలా ప్రవర్తించిన రోజున "మారిపోయావు" అని నిందిస్తాం. వాళ్లు మారలేదు, మనం వేసిన రంగు వెలిసింది.

అయితే ఇక్కడ ఉన్నదంతా తుడిచేయాలనుకోవడం పొరపాటు. సాండ్రా మరే, జాన్ హోమ్స్, డేల్ గ్రిఫిన్ 1996లో ప్రచురించిన పరిశోధనలో, భాగస్వామి తనను తాను చూసుకునే దానికంటే వాళ్లను కొంచెం మెరుగ్గా చూసినవాళ్లు బంధంలో ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. ప్రేమించిన మనిషిని కాస్త ఎక్కువ చేసి చూడటం బంధానికి బలమే. ఇబ్బంది ఎక్కడంటే, మన ధైర్యం, మన తెలివి, మన గొంతు మొత్తం వాళ్లకు అప్పజెప్పి మనం ఖాళీగా మిగిలిపోయినప్పుడు. అలాంటప్పుడు మెచ్చుకున్న గుణాన్ని రాసి, మీ జీవితంలో దాన్ని చూపించిన ఒక సందర్భం, ఎంత చిన్నదైనా సరే, పక్కన రాయండి. తర్వాత ఐదో అడుగు వేయండి.

పిల్లల విషయంలో

భార్యాభర్తల మధ్య ప్రొజెక్షన్ జరిగితే రెండోవాళ్లు "అది నేను కాదు" అనగలరు. పిల్లలు అనలేరు. తమ గురించి పెద్దలు చెప్పిందే నిజమనుకుని పెరుగుతారు. తన భయాన్ని ఎన్నడూ ఒప్పుకోని తండ్రి కొడుకులోని భయాన్ని సహించలేడు, "పిరికివెధవ" అంటాడు. ఒక పిల్లలో మాత్రమే మీకు విపరీతంగా చిరాకు పుట్టించే గుణం ఏదైనా ఉంటే, ఆ పిల్లను సరిదిద్దే ముందు మూడో అడుగులోని ప్రశ్నలు మీరు వేసుకోండి. గుణానికి బిరుదు ఇవ్వకుండా పని గురించే మాట్లాడండి: "మొండిదానివి" అనడం మానేసి, "హోంవర్క్ ఇంకా మొదలుపెట్టలేదు" అనండి.

ఎవరైనా మీ మీద మోపుతున్నప్పుడు

మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ 1946లో ప్రొజెక్టివ్ ఐడెంటిఫికేషన్ అనే భావనను వివరించింది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని బంధాలకు అన్వయించి చూపించారు. ఒక మనిషి తన గుణాన్ని మీ మీద మోపడంతో ఆగకుండా, మీరు నిజంగా అలాగే ప్రవర్తించే దాకా ఒత్తిడి పెట్టడం అందులో ఉంటుంది. కోపం మీలో లేదు, కానీ "ఎందుకంత కోపం?" అని పదిసార్లు అడిగితే పదకొండోసారి అరుస్తారు. "చూశావా, నేను చెప్పలేదూ!" అంటారు వాళ్లు.

అలాంటప్పుడు వెంటనే జవాబు చెప్పాలనే తొందర మానుకోండి. ఆ మాట వినకముందు మీ మనసు ఎలా ఉందో గుర్తు తెచ్చుకోండి. అందులో నిజం కొంచెం ఉంటే అంతవరకు ఒప్పుకోండి, మిగతాది తీసుకోకండి: "ఆలస్యంగా వచ్చిన మాట నిజం. నిన్ను పట్టించుకోకుండా చేశానన్నది నిజం కాదు." అంతటితో ఆపేయండి. నిరూపించుకోవడానికి దిగితే గంటలు గడుస్తాయి.

"నువ్వు ప్రొజెక్ట్ చేస్తున్నావు" అని మాత్రం అనకండి. ఒకవేళ అది నిజమే అయినా ఆ క్షణంలో ఎవరూ ఒప్పుకోలేరు, పైగా మనం చదివిన నాలుగు ముక్కలు కొత్త తిట్టుగా మారతాయి. "నువ్వలా అన్నప్పుడు నాకు భయంగా ఉంది" అనడం కంటే ఎక్కువ విశ్లేషణ గొడవ మధ్యలో పనికిరాదు.

ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు సాయం తీసుకోవాలి

కొట్టడం, బెదిరించడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకపోవడం ఉన్న బంధంలో ఈ పద్ధతిని పక్కన పెట్టండి. అలాంటి చోట "ఇందులో నా నీడ ఎంత?" అని వెతుక్కుంటే హింసను భరించడానికి మరో కారణం దొరుకుతుంది, అంతే. ముందు భద్రంగా ఉండే చోటు, అండగా నిలిచే మనుషులు కావాలి.

ఈ పని చేస్తుంటే నిద్ర పట్టకపోవడం, చిన్ననాటి సంఘటనలు వద్దన్నా ముందుకొచ్చి ఊపిరి సలపకపోవడం, తన మీద తనకు అసహ్యం పెరగడం కనిపిస్తే ఒంటరిగా కొనసాగించకండి. క్లినికల్ సైకాలజిస్టును గానీ, అర్హత ఉన్న కౌన్సెలర్‌ను గానీ కలవండి. అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారన్న నమ్మకం ఎవరిలోనైనా పాతుకుపోతే వాళ్లను సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. దాన్ని ఇలాంటి ప్రశ్నలతో ఇంట్లో సరిచేయలేం.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి రెండు అడుగుల్లో రాసుకున్న కాగితాలు తీసుకెళ్తే మొదటి సెషన్‌లోనే అసలు విషయంలోకి దిగవచ్చు. భార్యాభర్తలు కలిసి వెళ్లేటట్టయితే ఎవరి కాగితం వాళ్ల దగ్గరే ఉంచుకోండి. దాన్ని చదవాలా, ఏ భాగం చదవాలి అన్నది రాసినవాళ్లే నిర్ణయించుకోవాలి.